పేరు రాయని చేతిరాత



స్మారకోపన్యాసం అన్నాక ముందుగా పోయిన మనిషి పేరు చెప్పాలి. నేను చెప్పను. నా వెనక బ్యానరు మీద పెద్ద అక్షరాలతో ఉంది, చదువుకోండి. నలభై ఏళ్లకు పైగా గుడ్డ మీద రాసిన మనిషి, ఒక్క గుడ్డ మీదైనా తన పేరు రాసుకోలేదు. ఈ గంటసేపు నేను కూడా ఆ పద్ధతే పాటిస్తాను. నాకావిడ అక్క. ఆవిడకు నేను పంతులమ్మను. మొదటి రోజు నుంచి చివరి ఫోను దాకా మా మధ్య నడిచినవి ఈ రెండు పిలుపులే.

పోయినవాళ్ల గురించి మాట్లాడమంటే మనం మంచితనం ఎత్తుకుంటాం. సంతాపసభలో అదే జరిగింది. చల్లని మనిషి అన్నారు, ఎవరొచ్చినా అన్నం పెట్టేదన్నారు. అన్నం పెట్టిన మాట నిజం. కోపం వస్తే కసిం అనే నల్లరంగు కుండ మీది మూత విసిరేదన్నది కూడా నిజమే, అది ఎవరూ అనలేదు. (వెనక నవ్వుతున్నవాళ్లకు ఆ మూత తగిలే ఉంటుంది.) కానీ ఆవిడ మంచితనాన్ని తలుచుకోవడానికి ఈ స్మారక నిధి ఎందుకు, ఉపన్యాసం ఎందుకు? పక్కింటివాళ్లు చాలు. మనం వచ్చింది ఆవిడ చేసిన పని కోసం. అందుకని నాది ఒకటే ప్రశ్న. పది గుడ్డలు వరసగా పరిచి, ఇందులో అక్క రాసింది ఏదో చూపించమంటే, ఈ హాల్లో ఎందరం చూపించగలం? చూపించలేకపోతే మనం ఇప్పుడు తలుచుకుంటున్నది ఎవరిని?

1

మాటతో మొదలుపెడతాను, నాకు చేతనైనది అదే కాబట్టి. శ్రీకాళహస్తిలో బొమ్మ గుడ్డను వేస్తారనరు, గీస్తారనరు. రాస్తారంటారు. ఇది వ్రాతపని. కలంకారీ అన్నది పారశీకం నుంచి వచ్చిన మాట, కలంతో చేసే పని అని దాని అర్థం. బయటివాళ్లతో ఆ మాట వాడతారు గానీ, ఇళ్లలో మాత్రం ‘ఆ గుడ్డ ఎవరు రాసినారు’ అనే అడుగుతారు. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని, నాకు ఈ మాట మీద మొదటి నుంచీ మోజు. రాత ఉందంటే రాసినవాళ్లు ఉండాలి కదా. కావ్యం రాసిన కవి ఆశ్వాసం చివర గద్యలో తండ్రి పేరుతో సహా తన పేరు చెప్పుకుంటాడు. శతకకారుడికి మకుటం ఉంది. క్షేత్రయ్యకు మువ్వగోపాలుడి ముద్ర ఉంది. గుడ్డ రాసినవాళ్లకు ఏముంది?

మచిలీపట్నం రేవు సంగతి చూడండి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ కోరమాండల్ తీరం నుంచి ఓడలకెత్తిన అద్దకం గుడ్డలకు ఐరోపాలో ఎంత గిరాకీ పుట్టిందంటే, అక్కడి నేతపనివాళ్ల గోల భరించలేక 1686లో ఫ్రాన్సు, 1721లో ఇంగ్లండు వాటిని నిషేధిస్తూ చట్టాలే చేశాయి. బేరాల లెక్కలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ చట్టాల ప్రతులూ ఉన్నాయి. రంగు ముట్టిన చేతుల పేర్లు మాత్రం ఆ దస్తావేజుల్లో వెతికినా దొరకవు.

మన శ్రీకాళహస్తిది వేరే దారి. అచ్చులు లేకుండా మొత్తం కలంతోనే, దేవుడి కథలను గుడి గోడకు వేలాడదీసేంత గుడ్డల మీద రాసే దారి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 19వ శతాబ్దం చివర్లో ఇక్కడ రాసిన రామాయణం ఒకటి ఉంది. దాని వివరాల్లో పెద్ద సుబ్బరాయుడు అని రాసినాయన పేరు ఉంది. నేను సంబరంగా పోయి అక్కకు చెప్పాను. గిన్నెలో ఎర్రరంగుకు మంజిష్ట కలుపుతూ, ‘సముద్రం దాటినాక గానీ పేరు రాలేదా ఆయనకి’ అంది. తల కూడా ఎత్తలేదు.

ఆ తర్వాత పని దాదాపు ఆగిపోవడం, కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో అఖిల భారత హస్తకళల మండలి 1950ల చివర ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టించడం, జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు దగ్గరుండి నేర్పించడం, ఆయన కుమారుడు గురప్పశెట్టిగారు 2008లో పద్మశ్రీ అందుకోవడం మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2005-06లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరి పేరును ఇంకొకరు వాడుకోకుండా చట్టం కాపలా కాస్తోంది. మంచిదే.

ఇక నా కడుపుమంట ఒకటి చెప్పుకోనివ్వండి. ఒక పెద్ద ఊళ్లో, పేరున్న ఒక ప్రదర్శనశాలలో, అక్క రాసిన గజేంద్రమోక్షం చూశాను. కింద చీటీ ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ, నూలు గుడ్డ, సహజ రంగులు, ఇన్ని అడుగులు, ఇన్ని అంగుళాలు. బల్ల దగ్గర కూర్చున్నాయనతో, ఇది ఫలానా ఆవిడ రాసింది, పేరు పెట్టండి అన్నాను. ఆయన చాలా మర్యాదగా, ‘ఇవి ట్రెడిషనల్ అండీ, వీటికి ఆర్టిస్టులుండరు’ అన్నాడు.

ఆర్టిస్టు లేకుండా అయిదడుగుల ఏనుగు నీళ్లలోకి దిగిందన్నమాట.

అక్కదేనని మీకెలా తెలుసని ఆయన అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. మీకు చెబుతాను.

2

సుమారు ముప్పై ఏళ్ల కిందటి మాట. కాలేజీ స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. కరక్కాయ వగరు, పచ్చిపాల నీచు కలిసిన వాసన ముందు వచ్చింది, దాని వెనక మడతపెట్టిన గుడ్డతో ఒకావిడ వచ్చింది. బొమ్మల కింద పద్యాలు రాసినాను, తప్పులుంటే చెప్పమని అడిగింది. నా బల్ల మీదే పరిచింది. పాదుకా పట్టాభిషేకం. చదువుకుంటూ పోయాను. ఒకచోట ‘బరతుడు’ అని ఉంది. చేతిలో ఎర్ర పెన్ను ఉంది. నలభై పేపర్లు దిద్దిన ఊపులో ఉన్నాను. ‘బ’ చుట్టూ సున్నా చుట్టేశాను.

ఆవిడ అరుపుకు ప్రిన్సిపాలు గదిలోంచి మనుషులొచ్చారు.

‘ఇదేమన్నా నోటుబుక్కా పంతులమ్మా!’

నేను వణికిపోయి, తప్పుంటే మీరు దాన్ని చెరిపి మళ్లీ రాయచ్చు కదా అన్నాను. అప్పుడావిడ కోపం మరిచిపోయి నన్ను జాలిగా చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. అది నా మొదటి పాఠం.

గాడా అనే ముతక నూలు గుడ్డను ఉతికి గంజి పోగొట్టి, కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో తడిపి, పిండి, ఎండబెడతారు. పాలలోని జిడ్డు రంగును చెదరనివ్వదు. కరక్కాయ వగరు గుడ్డలోకి దిగి కాచుకుని ఉంటుంది. ఇంకోపక్క తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడతారు, అదే కసిం. చింతబరిక కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గుర్తు పెట్టుకుని, వెదురు కలాన్ని కసింలో ముంచి దాని మీద రాస్తారు. రాసేటప్పుడు గీత పలచగానే ఉంటుంది. వగరుకూ ఇనుముకూ జత కుదిరేకొద్దీ మన కళ్లముందే నల్లబడుతుంది. నల్లబడ్డాక ఉతికినా, ఉడికించినా, ఏళ్లు గడిచినా పోదు. బొగ్గు దశలో ఎంతైనా తుడుచుకోవచ్చు. కసిం పడ్డాక తప్పు కూడా గుడ్డతోపాటే ఉండిపోతుంది.

‘మీ ఎర్రసిరా ఉతికితే పోతాది. నా బ పోదు’ అంది.

మరునాడు మళ్లీ వచ్చింది. ‘బ’ మీద తలకట్టు పెట్టింది. కింద ఒత్తు గీత లాగింది. ఉన్న చోటు చాలక ఆ గీతను కుడిపక్కకు పొడుగ్గా, పక్క అక్షరం కిందికి పోనిచ్చి, చివర్న కొంచెం పైకి తిప్పింది. బరతుడు భరతుడయ్యాడు. తోకున్న భరతుడు. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

ఇక్కడ వినండి. ఆ తర్వాత ముప్పై ఏళ్లు, ఎంత చోటున్నా సరే, ఏ గుడ్డ మీదైనా సరే, అక్క రాసిన ప్రతి ‘భ’కూ ఆ తోక ఉంది. విభీషణుడికి ఉంది, భాగీరథికి ఉంది, సుభద్రకు ఉంది. తప్పు దిద్దుకోవడానికి పుట్టిన గీత చేతికి అలవాటైపోయింది. ప్రదర్శనశాలలో గజేంద్రుడి కింద ‘ఇభరాజు’ అని ఉంది. భ తోక రాజు కిందికి పాకి, పైకి తిరిగి ఉంది. నాకు ఇంకే చీటీ అక్కర్లేకపోయింది.

సంతకం అంటే మనిషి కావాలని పెట్టుకునేదే అనుకుంటాం. అక్క విషయంలో నేను అలా అనుకోవడం మానేశాను. ఆవిడ పెట్టుకున్నది కాదది, ఆవిడ చేతి నుంచి జారింది.

3

అక్షరాలు నా శాఖ కాబట్టి అక్షరాలు పట్టుకున్నాను. బొమ్మ సంగతి?

సంప్రదాయం చాలా ముందే తేల్చిపెట్టేసింది. రాముడు, కృష్ణుడు నీలం. ఆడవాళ్లు పసుపు. హనుమంతుడు ఆకుపచ్చ. రాక్షసులకు ఎరుపు. నడుమ పెద్ద పట్టంలో పట్టాభిషేకమో విశ్వరూపమో, చుట్టూ వరసలు వరసలుగా కథ, వరస కింద పద్యం, అంచున పూలతీగ. ఇన్ని ముందే తేలిపోయాక ఇక మనిషికి మిగిలిందేమిటని అడుగుతారు. నేను కూడా అడిగాను. ఆవిడ జవాబు చెప్పకుండా, రాస్తున్న పట్టాభిషేకంలో ఒక మూల చూపించింది. అక్కడ ఒక దాసి దీపం పట్టుకుని నిలబడి ఉంది. సభంతా రాముణ్ణి చూస్తోంది, అన్నదమ్ములు, వానరులు, మునులు అందరూ. ఆ ఒక్కతె మాత్రం చేతిలోని వత్తిని చూస్తోంది.

ఎందుకక్కా అన్నాను. నేను ఏదో తాత్పర్యం వస్తుందని ఆశపడ్డాను.

‘దీపం పట్టుకున్నది దీపాన్ని చూసుకోవాల గదా, ల్యాకుంటే చెయ్యి కాలదా?’

ఆ తర్వాత అక్క గుడ్డల్లో నేను వెతకడం మొదలుపెట్టాను. గుహుడి పడవలో నీళ్లు తోడిపోసే పిల్లవాడు ఉంటాడు. లంక కాలుతుంటే మేకను విప్పుకుని పరిగెత్తే ముసలి రాక్షసి ఉంటుంది. కథకు వీళ్లతో పనిలేదు. పని చేస్తున్న చేతుల వైపు అక్క చూపు పోయేది, అంతే. సంప్రదాయం రాముడి రంగు చెప్పింది గానీ, పడవలో నీళ్లెవరు తోడతారో చెప్పలేదు.

ఇంకొకటి ఖాళీ. మన పనిలో ఖాళీ కనబడితే పువ్వో ఆకో చుక్కో పెట్టి నింపడం అలవాటు. అక్క అశోకవనంలో సీత చుట్టూ జానెడు మేర ఏమీ రాయలేదు. చెట్లు దూరంగా ఆగిపోయాయి. గుడ్డ తీసుకున్న వ్యాపారి అది పని ఎగ్గొట్టడం కింద లెక్కేసి డబ్బు తగ్గించాడు. అంతటితో ఆగలేదు, ఇంకొకరి చేత పూలు పెట్టించాడు. ఆ గుడ్డ ఇప్పుడెక్కడుందో గానీ, సీత చుట్టూ పూలున్నాయి. ఆ పూలను చూసి ‘ఎంత నిండుగా ఉందో’ అనేవాళ్లు ఉంటారు. వాళ్లదీ తప్పు కాదు.

గీత గురించి కూడా చెప్పాలి, చేసి చూపించేవాళ్లు ముందు వరసలో ఉండగా నేను చెప్పడం సాహసమే అయినా. కలానికి చుట్టిన గుడ్డ ఉండను వేళ్లతో నొక్కితే రంగు దిగుతుంది. నొక్కు సడలితే గీత సన్నబడుతుంది. ఉండ ఆరిపోయినచోట చెయ్యి ఎత్తి మళ్లీ ముంచాలి, మళ్లీ అతికించాలి. అతికినచోట సన్నని ముడి కనబడుతుంది. అక్క ఆ అతుకును దండకడియం దగ్గరో, అందె దగ్గరో, నగ వచ్చేచోటనే పడేలా ముందే లెక్క చూసుకునేది. భుజం నుంచి మణికట్టు దాకా ఒకే గీత అని మనం మురిసిపోతాం. మధ్యలో కడియం కింద అతుకుంటుంది. ఈ కిటుకు బయటపెట్టినందుకు శిష్యురాళ్లు నన్ను క్షమించాలి.

(ఇక్కడ కరెంటు పోయింది. మైకు లేకుండా మాట్లాడాను. అచ్చులో చదివేటప్పుడు కూడా గొంతు కాస్త పెద్దదిగా వినబడితే కారణం అదే.)

4

ఇప్పటిదాకా నేను చెప్పిందాన్ని నేనే కొంచెం చెడగొట్టుకోవాలి. అక్క చేయి, అక్క చూపు అంటున్నాను. గుడ్డ మొత్తం అక్క ఒక్కదానిదేనా?

నలుపు తర్వాత ఎరుపు రావాలంటే, ఎరుపు కావలసినచోట పటిక నీళ్లు రాసి, ఆరబెట్టి, పారే నీళ్లలో జాడించాలి. నిలవ నీళ్లలో ముంచితే వదిలిన పటిక పక్కకు పాకి, ఎక్కడ పడితే అక్కడ ఎర్ర మచ్చలు తేలుతాయి. నీరు పటికను పట్టుకుని వెంటనే వెళ్లిపోవాలి. ఈ పని స్వర్ణముఖి ఒడ్డున పెరగడానికి నది ఒక కారణం. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే నది అది. నీళ్లు లేని నెలల్లో గుడ్డలు మూటగట్టుకుని బోరుబావుల దగ్గరికి పోయేవాళ్లు. తర్వాత మంజిష్ట, చెక్కలు వేసి ఉడికించాలి. పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో పరిచి, నీళ్లు చల్లుతూ తెల్లబరచాలి. మళ్లీ పాలు. కరక్కాయ పువ్వుతో పసుపు. నీలి. నీలి మీద పసుపు పడితే ఆకుపచ్చ. ఒక్కో మెట్టుకూ ఉతుకే. మోకాలి లోతు నీళ్లలో నిలబడి తడిసిన గుడ్డను జాడించే మనిషి నడుముకు అందులో ఎంత వాటా ఉందో లెక్క కట్టండి.

అక్క కూడా ఆ పనుల నుంచే వచ్చింది. మొదట గీత ఆవిడది కాదు. గీతలు మగవాళ్లు రాసేవాళ్లు, ఆడపిల్లలు లోపల రంగు నింపేవాళ్లు. కలం చేతికిచ్చేసరికి ఎన్నో ఏళ్లు పట్టింది. ఈ సంగతి ఆవిడ ఎప్పుడూ చెప్పుకునేది. అందుకే ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. అక్కా, నీ పేరు చీటీ మీద లేదని నేను పోట్లాడుతున్నాను, మరి నీ దగ్గర రంగు నింపే పిల్లల పేర్లు నువ్వెక్కడ చెబుతున్నావు?

మూత విసరలేదు. అంతకంటే ఘోరం, మాట్లాడటం మానేసింది. రెండు నెలలు. ఇంటికి పోతే కూతురి చేత మజ్జిగ పంపించి తాను లోపలే ఉండేది.

రెండు నెలల తర్వాత కాలేజీకి వచ్చి, బల్ల మీద ఒక పాత లాంగ్ నోటుబుక్కు పడేసింది. పిల్లలు సగం రాసి వదిలేసిన లెక్కల పుస్తకం. ఖాళీ పేజీల్లో కూలి పద్దు. ఏ గుడ్డకు ఎవరు ఎన్ని రోజులు, ఏ పని, ఎంత ఇచ్చింది, ఎంత బాకీ. గజేంద్రమోక్షం పేజీలో ఉతుకు ఎవరో ఉంది, ఉడుకు ఎవరో ఉంది, పసుపు ఎవరు, నీలి ఎవరు అన్నీ ఉన్నాయి. ఇలాంటివి ఇంకో పదకొండు ఉన్నాయంది.

‘పేర్లు లేవంటివే. అప్పు పడినచోట పేరు రాయకుండా ఉంటానా?’

నేను ఒక్కో వరసా వేలుపెట్టి చదివాను. అందరి పేర్లూ ఉన్నాయి, ఆవిడది తప్ప. తన రోజులు లెక్క వేసుకున్నచోట ‘నేను’ అని రాసుకుంది. నేను, 11 రోజులు. నేను, 6 రోజులు.

ఈ నిధి పెట్టినవాళ్లకు నా మనవి ఇక్కడే చెబుతాను. ఏటా వచ్చే వడ్డీతో నాలాంటివాళ్లకు శాలువా కప్పడం వద్దు. ఆ పన్నెండు పుస్తకాలు కూతురి దగ్గరున్నాయి. వాటికి ఫొటోలు తీయించండి. ఇళ్లలో, గుళ్లలో, దుకాణాల్లో, ప్రదర్శనశాలల్లో ఉన్న అక్క గుడ్డలకు ఫొటోలు తీయించండి. ఏ పేజీ ఏ గుడ్డదో జతపరచండి. రంగు నింపిన పిల్లల్లో చాలామంది ఈ హాల్లోనే ఉన్నారు, మీ పని మీరు గుర్తుపట్టగలరు. ఆలస్యమైతే పట్టలేరు.

5

చివరి రెండేళ్ల గురించి ఎక్కువ మాట్లాడను. చెయ్యి వణికింది. ముంచిన కలం గుడ్డకు చేరేలోపల చుక్క రాలేది. అంతవరకూ ఎప్పుడూ లేనిది, గీత మధ్యలో అతుకు కనబడటం మొదలైంది, కడియం లేనిచోట. అక్క పేరు చెప్పి వ్యాపారులు అమ్మిన కొన్ని గుడ్డలు ఆ రోజుల్లో శిష్యురాళ్లు రాసినవని నాకు తెలుసు, అక్కకూ తెలుసు. పేరు రాయని పనికి కూడా నకలు ఉంటుందని అప్పుడే చూశాను. వాటిని పట్టుకోవడం కష్టం కాదు. గీత అక్కదానికంటే నిబ్బరంగా ఉంటుంది, భ కింద తోక ఉండదు. ఒక అమ్మాయి మాత్రం తోక కూడా నేర్చుకుంది. ఎవరో చెప్పను. తల వంచుకుని నవ్వుతోంది.

ఒకసారి అడిగాను, గుడ్డ మీద పేరు ఎందుకు రాయలేదక్కా అని. వినయం గురించి, దేవుడి పని గురించి ఏదో అంటుందనుకున్నాను. పేరు రాస్తే కొన్నవాళ్లు అంచు చింపి కుట్టించుకుంటారు, పద్యం రాస్తే దేవుడి మాటని చింపరు అంది. అందుకని ఏం చెప్పాలన్నా పద్యంలోనే చెప్పాలట. ఆవిడ పరాచికమాడిందో నిజమే చెప్పిందో నాకు తెలియలేదు. ఇద్దరం మజ్జిగ తాగాం.

చివరి గుడ్డ శబరి. పన్నెండో పుస్తకంలో దానికొక పేజీ ఉంది. పైన ‘శబరి’, కింద ‘నేను, 4 రోజులు’. ఆ తర్వాత గీతలు కొట్టిన ఖాళీ పేజీ. ఉతుకు లేదు, ఉడుకు లేదు, ఎవరి పేరూ లేదు.

దాన్ని పూర్తి చెయ్యమంటారా అని కూతురు నన్నడిగింది. ఆ మాట చెప్పాల్సింది నేను కాదు, కలం పట్టేవాళ్లని అన్నాను. వాళ్లింకా ఏమీ తేల్చుకోలేదు. ప్రస్తుతానికి అది ఈ పక్క గదిలో తాడు మీద వేలాడుతోంది. శబరి ముఖమూ, పండు పట్టుకున్న చెయ్యీ కసిం పడి నల్లబడ్డాయి. బుట్టా, చెట్టూ, ఎదురుగా వస్తున్న ఇద్దరు అన్నదమ్ములూ ఇంకా బొగ్గులోనే ఉన్నారు. కాఫీ తాగాక అందరూ వెళ్లి చూడండి. ఫ్యాను వెయ్యకండి. దగ్గరగా వెళ్లినా ముట్టుకోకండి, బొగ్గు చేతికి వచ్చేస్తుంది.